సోమవారం నాలుగు కిలోమీటర్లు

యశస్విని ట్రాక్ ప్యాంటు అంచుల్లో నల్లమట్టి కనిపించిన రోజు ప్రేమకుమారి దాన్ని బకెట్లో వెయ్యకుండా దండెం మీద విడిగా ఆరేసింది. ఆరాక గోటితో గీకి చూసింది. రేగడి మట్టే. పొడిగా ఉన్నది వేళ్ల మధ్య పిండిలా రాలింది, కాస్త నీళ్లు చిలకరిస్తే బంకలా పట్టుకుంది.

బరంపేటలో ఐజాజ్ మాస్టారి హాలు ఎరువుల దుకాణం పై అంతస్తులో ఉంది. మెట్లు సిమెంటువి, లోపల నేలంతా రబ్బరు చాపలు. ప్రకాష్ నగర్‌లో తమ వాకిలి నుంచి ఆ మెట్ల దాకా సిమెంటు రోడ్డే. ఆ దారిలో రేగడి తొక్కాలంటే ఎవరన్నా ట్రాక్టరుతో తెచ్చి పొయ్యాలి.

"ఈ మట్టి ఎక్కడిదే?" అని అడిగింది కూతుర్ని.

"ఏ మట్టి?" యశస్విని ప్యాంటు వైపు చూసి, చూపు తిప్పుకుంది. "గ్రౌండ్‌లో పరుగెత్తించారమ్మా."

"నిన్న వానలోనా?"

"తడి నేలలో పరుగెత్తితే కాళ్లకి బలమంట."

"ఎవరన్నారు?"

యశస్విని మజ్జిగ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. గ్లాసులో మజ్జిగ ఎప్పుడో అయిపోయింది. అయినా కొంచెంసేపు అట్లానే పెట్టుకుని ఉంది.

ఆ సాయంత్రం నుంచి ప్రేమకుమారి మనసు కుదురుగా లేదు. డిగ్రీ రెండో సంవత్సరం చదివే పిల్ల. గుద్దు, తన్ను, కుస్తీ పట్టు మూడూ కలిసిన ఆట. ఎంఎంఏ అంటారు. దాన్ని కూతురికి నేర్పించడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసి వారానికోసారి ఇంటికొచ్చే భర్త వెంకట్ ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. సెప్టెంబరులో గుంటూరులో రాష్ట్ర జట్టు ఎంపిక. అందులో వస్తే సరే, రాకపోతే గ్లోవ్స్ అటక మీద పెట్టి పీజీ ఎంట్రన్స్‌కి చదువుకోవాలి. "మధ్యలో ఏ తేడా వచ్చినా నిన్నే అడుగుతా" అన్నాడు భార్యతో. "అడుగు. తేడా వస్తే నేనే మాన్పిస్తా" అంది ప్రేమకుమారి. ఆ మాట అన్నప్పుడు కూతురు పక్కనే ఉంది.

మామగారు నరసింహారావు సంగతి వేరు. ఆయన అసలు ఒప్పుకోనే లేదు. పోయిన డిసెంబరులో బంధువుల పెళ్లికి యశస్విని కన్ను కమిలిపోయి వస్తే, భోజనాల దగ్గర పదిమంది వింటుండగా చెంబు కింద పెట్టి, "ఆ హాలు మెట్లు నేనెక్కను. ఇది మానేదాకా మీ గడప కూడా తొక్కను" అన్నాడు. ఊళ్లో ఆయన మాటంటే మాటే. ఎనిమిది నెలలైంది. తొక్కలేదు.

ఎంపిక ఇంకా నాలుగు వారాలుంది. అదీ పిల్లకి ఉన్న ఒక్క అవకాశం.

అనుమానం మొదలైతే చిన్నవన్నీ కనపడతాయి. హాల్లో తరగతి ఆరింటికని తల్లిదండ్రుల వాట్సాప్ గుంపులో మాస్టారు రాశాడు. యశస్విని నాలుగూ ముప్పావుకే స్కూటీ తీస్తోంది. అడిగితే "ముందు రమ్మన్నారు" అంటుంది. మేడ దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి దిగుతోంది. బాత్‌రూం నుంచి వేణ్నీళ్లు ఇంకో బకెట్ అడుగుతోంది. రాత్రి తొమ్మిదికే నిద్ర, ఫోన్ కూడా ముట్టుకోకుండా. ఫోన్ ముట్టుకోని పందొమ్మిదేళ్ల పిల్లని చూస్తే సంతోషపడాలి. ప్రేమకుమారికి భయమేసింది.

వరలక్ష్మీ వ్రతం నాడు ఓణీ కట్టబోతుంటే నడుము చుట్టూ మూడు వేళ్ల వెడల్పున ఎర్రటి పట్టీ కనిపించింది. చర్మం ఒరుసుకుపోయి, అక్కడక్కడ పక్కు కట్టి ఉంది. రెండు భుజాల మీదా అదే గుర్తు. ఏదో పెట్టి కట్టేసినట్టుంది.

"ఇదేంది?"

"గ్రాప్లింగ్‌లో అమ్మా. కింద పడేసి పట్టుకుంటారుగా."

"చేతులతో పట్టుకుంటే ఇంత తిన్నగా గీత పడుద్దా?"

"అమ్మా, పేరంటాళ్లు వస్తన్నారు. పిన్నీసు పెట్టు."

పిన్నీసు పెట్టింది. తాంబూలాలిచ్చి అందరూ వెళ్లాక కొబ్బరినూనె వేడి చేసి ఆ పట్టీ మీద రాసింది.

ఆ రాత్రి వెంకట్ ఫోన్ చేశాడు. "ఏంది, గొంతు అట్టా ఉంది?"

"పొద్దుటి నుంచీ వచ్చేవాళ్లు పొయ్యేవాళ్లు. మాట్లాడీ మాట్లాడీ అట్లా ఉంది."

"పాప?"

"పడుకుంది."

అంతకంటే చెప్పలేదు. పెళ్లైన ఇరవై రెండేళ్లలో ఆయన దగ్గర దాచిన మొదటి సంగతి కాదుగానీ, దాచి నిద్రపోలేనిది మాత్రం ఇదే.

మర్నాటి నుంచి ఆమె స్కూటీ మీటరు చూడటం మొదలుపెట్టింది. పిల్ల పడుకున్నాక ఒకసారి, పొద్దున తిరిగొచ్చాక ఒకసారి. పాల ప్యాకెట్లు రాసుకునే కాలెండరు గళ్లల్లోనే మూలగా చిన్న అంకె వేసేది. హాలుకి పోయి రావడం నాలుగు కిలోమీటర్లు. శనివారం పదహారు తిరిగింది. ఆదివారం హాలుకి సెలవైనా ఏడింటిదాకా లేదు, మీటరు పన్నెండు. సోమవారం నాలుగు. మంగళవారం మళ్లీ పదహారు. బుధవారం, గురువారం, శుక్రవారం పదహారే. తర్వాతి సోమవారం మళ్లీ నాలుగు.

ఎక్కువ తిరిగింది పన్నెండు. అంటే ఆరు కిలోమీటర్ల దూరంలో ఏదో ఉంది. మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ ఆ ఆరు కిలోమీటర్లలో ఏమేమున్నాయో ఒక్కొక్కటే తలుచుకుంది. ఇంజనీరింగ్ కాలేజీ, దాని పక్కన అబ్బాయిల హాస్టళ్లు. బైపాస్ మీద దాబా, పైన గదులు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు. అటువైపు పొలాలు, మామగారి ఊరు. ఊరిని వెంటనే తీసేసింది. అక్కడికెళ్లే పిల్ల అయితే చెప్పే వెళ్లేది. మిగిలినవాటిలో దేన్నీ తీసెయ్యలేకపోయింది. కానీ తెల్లవారుజామున ఏ దాబా తెరుస్తారు? సోమవారం మూసేది ఏది? మంగలి షాపులు మంగళవారం మూస్తారు. సోమవారం సెలవు తీసుకునే అబ్బాయి ఎవడు?

ఎంపికకి పదిరోజులుందనగా, గురువారం ఏడింటికి, చెప్పకుండా హాలుకి వెళ్లింది. ఐజాజ్ మీద ఆమెకి కొత్తగా అనుమానం పుట్టింది. ముందు రమ్మంటున్నదీ, కట్టేస్తున్నదీ అతనేనేమో. మనిషి మర్యాదస్తుడే. ముప్పై ఏళ్లుంటాయి, తల వంచుకుని మాట్లాడతాడు. తల వంచుకుని మాట్లాడేవాళ్లని ప్రేమకుమారి అంత తొందరగా నమ్మదు.

యశస్విని మూలన బరువుల బారు భుజాల మీద పెట్టుకుని గుంజీలు తీస్తోంది, తల్లిని చూడలేదు. తలుపు దగ్గర చేతులకి గుడ్డ చుట్టుకుంటున్న సబీహా చూసింది. ఆ పిల్ల యశస్వినికి జోడీగా సాధన చేసే ఇంటర్ అమ్మాయి.

"ఆంటీ, అక్కకి ఏమైంది?" అంది గొంతు తగ్గించి. "మొన్నటిదాకా అక్క తన్నితే ప్యాడ్ పట్టుకున్నదాన్ని గోడకి పొయ్యి తగిలేదాన్ని. ఇప్పుడు ఒక చేత్తో ప్యాడ్ పట్టుకుని ఇంకో చేత్తో మెసేజ్ పెట్టుకోవచ్చు."

ఐజాజ్ ఆమెని బయట వరండాలోకి తీసుకెళ్లాడు. ప్రేమకుమారి అడగాలనుకున్నది అతనే ముందు అడిగాడు.

"ఏమనుకోమాకండమ్మా. ఇంట్లో పిండ్లు, మాత్రలు ఏవన్నా ఇస్తన్నారా పాపకి?"

ప్రేమకుమారి మొహం ఎర్రబడింది. "మా ఇంట్లో అన్నం, పప్పు, గుడ్లు. మీరు ఏమిస్తన్నారో నేనడగాలి."

"నేనా?" అతను ఫోన్ తీసి చూపించాడు. "నా పద్ధతి ఇదీ. సోమవారం, గురువారం కాళ్లకి బరువులు. మంగళ, శుక్రవారాలు నేల మీద పట్లు, కాళ్లకి పని తక్కువ. బుధ, శనివారాలు తన్నులు, జోడీతో పోట్లాడే స్పారింగ్. బరువు ఎత్తిన మర్నాడు గట్టిగా తన్నించను. కాలికి బలం కావాలి, ఒప్పుకుంటా. అలిసిన కాలికి ఎంత బలముంటే ఏం లాభం, లేవాలిగా. జులైలో మీ పాప డెబ్బై కిలోలు పెట్టుకుని ఐదుసార్లు కూర్చుని లేచింది. ఇవాళ అరవై పెడితే మూడోసారికే మోకాళ్లు లోపలికి పోతన్నయి. నా దగ్గర చేసే పనికి ఇట్టా కాదు. ఇంకెక్కడో చేస్తంది."

"పొద్దున ముందు రమ్మంటున్నది మీరు కాదా?"

"ఆరింటికి తలుపు తీసేది నేనే. ఆ లోపల వస్తే మెట్ల మీద కూర్చోవాలి." అతను ఆమె మొహంలోకి చూశాడు. ఈసారి తల వంచలేదు. "అమ్మా, ఇద్దరు మాస్టర్ల దగ్గర చేసేవాళ్లని నేను గుంటూరు పంపను. పోయినేడు ఒకబ్బాయి నాకు తెలీకుండా వేరే జిమ్‌లో కాళ్లు చేసి, అదే పొద్దున ఇక్కడ స్పారింగ్‌కి దిగాడు. మోకాలు తిరిగింది. ఇప్పటికీ కుంటతన్నాడు. వాళ్ల నాన్న నన్నే తిట్టాడు. మీ పాప ఏడికి పోతందో తెలిస్తే నాకు చెప్పండి."

"తెలిస్తే చెప్తా" అంది. మెట్లు దిగుతుంటే తోచింది, చెబితే పేరు కొట్టేస్తాడు. చెప్పకపోతే ఆ కాళ్లతోనే పిల్ల బరిలోకి దిగుద్ది.

ఇంటికొచ్చేసరికి యశస్విని ముందే వచ్చి స్నానానికి వెళ్లింది. స్కూటీ సీటు కింద నుంచి నీళ్ల సీసా తీసి కడుగుదామని ప్రేమకుమారి సీటు ఎత్తింది. సీసా వెనక చిన్న స్టీలు డబ్బా ఉంది. తమది కాదు. మూత తీస్తే అడుగున గుప్పెడు ఉడికించిన ఉలవలు. ఒక గింజ నోట్లో వేసుకుంది. ఉప్పు లేదు. మెత్తగా, పొగ వాసనతో ఉంది. కట్టెల మీద పెద్ద గుండిగలో ఉడికిన వాసన.

స్కూటీ పక్కన అట్లానే నిలబడిపోయింది. మనుషులకి ఎవరూ ఉప్పు లేకుండా ఉలవలు ఉడకబెట్టరు. ఎడ్లకే పెడతారు. అదీ అరక దున్నే ఎడ్లకి కాదు, తిరునాళ్లలో పోటీకి బండ లాగే గిత్తలకి, మామగారి కొట్టంలో ఉన్నలాంటివాటికి. ఎడ్లున్న ఇంట్లో సోమవారం నాడు కాడి కట్టరు. బసవన్న రోజు. అరకైనా బండైనా ఆరోజు సెలవే. కాపురానికొచ్చిన కొత్తలో సోమవారం బండి కట్టమని అడిగి అత్తగారి చేత మాట పడింది కూడాను.

శుక్రవారం ఐదింటికి ఇక్బాల్ ఆటో పిలిచింది. వీధి చివర ఉండే ఇక్బాల్ ఆమెని అక్కా అంటాడు.

"ఇంత పొద్దున్నే ఊరికా అక్కా. ఎవరికన్నా బాగాలేదా?"

"అందరూ బాగున్నారు."

"పొలం గొడవా?"

"కాదు."

"మరి?"

"రోడ్డు చూసి నడుపు."

ఊరి మొదట్లోనే ఆటో ఆపించి, పత్తి చేల మధ్య డొంక వెంట నడిచింది. చెప్పులకి మట్టి అట్టలు కట్టింది. చేను పక్కన గిత్తలకి సాధన చేయించడానికి వదిలిన పొడుగాటి బాట ఉంది. వెలుతురు అప్పుడే వస్తోంది. బాట మీద ముందుకు వంగి, ఒక్కో అడుగూ మట్టిలో దిగేసుకుంటూ నడుస్తోంది యశస్విని. నడుముకీ భుజాలకీ మంచం నవారుతో కుట్టిన పట్టెడ. దాన్నుంచి పగ్గం, పగ్గం చివర రాయి. పాలపళ్ల దూడలకి అలవాటు చేసే చిన్నబండ. పక్కన లుంగీ ఎగగట్టి, ఒక చేతిలో ఫోన్‌లో టైము చూస్తూ, ఇంకో చేత్తో తుండుగుడ్డ ఊపుతూ నరసింహారావు నడుస్తున్నాడు.

"హోయ్, ఆపమాకు, ఆపమాకు. ఆపితే మళ్లీ కదలదు. రెండొందల ఎనబై అడుగులు. ఇంకొక్క ఇరవై, నా తల్లే, ఇంకొక్క ఇరవై."

గట్టు మీద కోడలు కనిపించేసరికి తుండుగుడ్డ ఆగిపోయింది. బండా ఆగింది.

ప్రేమకుమారికి ముందు వచ్చింది కోపం కాదు. పదిహేను రోజులుగా గుండెల మీద కూర్చున్న ఆ పేరు తెలియని అబ్బాయి లేచి పోయాడు. ఆ తర్వాత వచ్చింది కోపం.

"నిన్ను దాబా దగ్గర వెతుకుదామనుకున్నానే" అంది కూతురితో.

"దాబా ఏంది?"

"స్కూటీ మీటరు చెప్పింది, రోజూ పన్నెండు కిలోమీటర్లు ఎక్కువని."

యశస్విని నవారు విప్పుకుంటున్నదల్లా తలెత్తింది. "మీటరు చూశావా అమ్మా? నన్ను అడగొచ్చుగా."

"అడిగితే గ్రాప్లింగ్ అన్నావు."

పిల్ల మళ్లీ నవారు ముడి మీదికి వంగింది.

నరసింహారావు గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, దాన్నేమనమాకు. నేనే రమ్మన్నా. మే నెలలో బెజవాడలో ఆడినప్పటి వీడియో మనూరి కుర్రోడెవరో ఫోన్‌లో చూపెట్టాడు. ఆ ఎదుటి పిల్ల మనదాన్ని ముమ్మారు ఎత్తి కింద పడేసింది. కాళ్లల్లో పట్టు లేదు. చూసి ఊరుకోలేకపోయా."

"మరి ఇంటికొచ్చి చెప్పొచ్చుగా మామయ్యా."

"గడప తొక్కనన్నాగా." ఆయన చేలోకి చూశాడు. "అంతమందిలో అన్నా."

"అందుకని దీని చేత అబద్ధాలాడించారు."

ప్రేమకుమారి గట్టు దిగి కూతురి మోకాలు పట్టుకుని చూసింది. చిప్ప పైన ఉబ్బి, వేడిగా ఉంది. నొక్కితే పిల్ల పళ్లు బిగబట్టింది.

"ఒక్క సంగతి చెప్పండి మామయ్యా. బండ లాగిన గిత్తల్ని అదే రోజు అరక్కి కడతారా?"

"పిచ్చా ఏంది. పందెం ఎడ్లని అరక్కి అసలు కట్టం."

"పోటీ ఇంకెన్ని రోజులుందనగా బండ ఆపుతారు?"

"పది రోజులు. ఒక్కోసారి పన్నెండు. ఊరికే నడిపిస్తాం అంతే, కాలు తేటపడాలిగా."

"దీనికి పోటీ వచ్చే వారం ఆదివారం. తొమ్మిది రోజులు."

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి ఆగిపోయాడు. "అక్కడ చేసేది ఆటేగా అమ్మాయ్. చాపల మీద."

"చెప్పవే" అంది ప్రేమకుమారి. "నిన్న తాత దగ్గర్నుంచి హాలుకి పొయ్యి ఏం చేశావో చెప్పు."

యశస్విని నేల చూస్తూ చెప్పింది. "గురువారం బరువులు. అరవై కిలోలు. సోమవారం కూడా."

"అరవై కిలోలా? బస్తాకి ఎక్కువ." నరసింహారావు గట్టు మీద కూలబడ్డాడు. "సోమవారం సెలవిచ్చాగా నీకు."

"మీరు సెలవిచ్చిన రోజే మాస్టారు బరువులు పెట్టిస్తారు తాతయ్యా. ఆయన తేలిగ్గా పోనిచ్చే రోజు మీరు బండ కడతారు."

"మరి నోరు లేదా నీకు?"

"చెప్తే మీరు మళ్లీ మాట్లాడరనుకున్నా. ఆయనకి చెప్తే పంపనంటారు."

కొట్టం దగ్గర గిత్త ఒకటి గొలుసు లాగింది.

"అమ్మా, మాస్టారుకి చెప్పమాకు" అంది యశస్విని. ఈసారి గొంతు చిన్నపిల్ల గొంతు. "ఈ తొమ్మిది రోజులు ఏమీ చెయ్యను. పడుకునే ఉంటా. పేరు కొట్టేస్తే నాన్న ఇంక ఒప్పుకోరు. ఒక్కసారేగా అమ్మా నాకున్నది."

ప్రేమకుమారి లెక్క వేసుకుంది. చెప్పకపోతే ఐజాజ్ రేపు కూడా తన్నిస్తాడు, సోమవారం బారు పెడతాడు. ఆయనకి తెలియకుండా పిల్ల పడుకోవడం కుదరదు. ఇంకో అబద్ధం కావాలి. జ్వరమనో, కాలేజీ పరీక్షలనో. ఆ అబద్ధం ఈసారి తనే ఆడాలి.

"తెలిస్తే చెప్తానని ఆయనతో అన్నా" అంది. "పద. బండెక్కు. నేను వెనక కూర్చుంటా."

స్కూటీ డొంకలోంచి రోడ్డెక్కేలోపు వెనక నుంచి టీవీఎస్ మోపెడ్ చప్పుడు వినపడింది. నరసింహారావు లుంగీ మార్చుకోలేదు, కాళ్లు కూడా కడుక్కోలేదు. పక్కగా వచ్చి, ఇద్దర్నీ దాటేసి ముందు పోయాడు.

బరంపేటలో ఎరువుల దుకాణం ముందు మోపెడ్‌కి స్టాండ్ వేసి మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. లోపల నుంచి రబ్బరు చాపల మీద మనుషులు పడే చప్పుడు వస్తోంది. ప్రేమకుమారి "మీరిక్కడే ఉండండి మామయ్యా, నేను మాట్లాడతా" అంది. ఆయన చెప్పులు విడిచి, మెట్టు మెట్టుకీ మట్టి కాలి గుర్తు వేస్తూ ఎక్కాడు.

"మాస్టరంటే నువ్వేనా?" అన్నాడు ఐజాజ్‌తో. "రెండు నెలల నుంచీ దీని చేత బండ లాగిస్తంది నేను. తప్పు నాది. పిల్ల పేరు తియ్యమాకు."

ఐజాజ్ అర్థం కానట్టు చూశాడు. "ఏం బండ?"

"ఎడ్ల బండ."

హాలంతా ఆగిపోయింది. సబీహా గుడ్డ చుట్టిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఐజాజ్ నవ్వలేదు. ఎంత బరువు, ఎన్ని అడుగులు, వారానికి ఎన్ని రోజులు అని ఒక్కొక్కటే అడిగాడు. నరసింహారావు కోర్టులో సాక్షిలాగా ఒక్కొక్కదానికే జవాబిచ్చాడు. అడగని దానికి జవాబివ్వలేదు. అంతా విన్నాక ఐజాజ్ యశస్వినిని కుర్చీలో కూర్చోబెట్టి, ప్రేమకుమారి చేత రెండు మోకాళ్లూ నొక్కించి, ఎక్కడ నొప్పో చూశాడు.

"తాతగారూ, ఈ పని నాకు తెలీకుండా ఇంకెవరన్నా చేసుంటే ఇవాళే పంపించేసేవాణ్ని పాపని."

"నన్ను పంపించెయ్. దాన్నెందుకు?"

"మిమ్మల్ని నేను పిలవలేదుగా పంపించడానికి."

నరసింహారావుకి కోపం రావాల్సింది. రాలేదు. ఎదుటివాడి మాటలో పస ఉన్నప్పుడు తగ్గడం ఆయన పంచాయితీల్లో నేర్చుకున్నదే.

ఐజాజ్ చివరికి చెప్పాడు. గురువారం దాకా బండ లేదు, బారు లేదు, తన్నులు లేవు. ఎదురుగా ఎవరూ లేకుండా నీడతో పోట్లాడటం, నేల మీద పట్లు, నడక. డాక్టరు మోకాలు చూడాలి. గురువారం పొద్దున ఒక్క పదిసార్లు తన్నిస్తాడు. చూసి, అప్పుడు గుంటూరుకి పేరు పంపాలో లేదో చెప్తాడు. "మాటిచ్చి తప్పితే నాకు తెలిసిపోద్ది" అన్నాడు యశస్వినితో, కానీ చూసింది తాతని.

ఆ రాత్రి ప్రేమకుమారి భర్తకి అంతా చెప్పింది. మీటరు సంగతి కూడా. ఫోన్‌లో వెనక లారీల హారన్లు వినపడుతున్నాయి.

"నాన్న మెట్లెక్కాడా?" అన్నాడు చివరికి.

"ఎక్కారు."

"గురువారం ఏమంటాడో చూడు" అన్నాడు. మాన్పించమని అనలేదు.

ఆ ఆరు రోజులూ ఇల్లు ఒకర్నొకరు కనిపెట్టుకునే ఇల్లయింది. యశస్విని చదువుకుంటున్నానని గది తలుపేసుకుంటే, లోపల గుంజీలు తీస్తోందేమోనని ప్రేమకుమారి తలుపు దగ్గర చెవి పెట్టేది. "పుస్తకం తిప్పిన చప్పుడు కూడా వినపడతందా అమ్మా?" అనేది లోపల నుంచి. నరసింహారావు పూటపూటకీ ఫోన్ చేసి, "ఆ మాస్టరు దాన్ని ఊరికే కూర్చోబెట్టి చల్లబరుస్తన్నాడేమో. కాలు మొద్దుబారుద్ది" అనేవాడు. ఐజాజ్ సెలవురోజు ఆదివారం పొద్దున ఆరుంపావుకి ఊరి డొంక దాకా బండి మీద వెళ్లి, బాట మీద కొత్త గీత ఉందా అని చూసొచ్చాడట. సబీహా చెప్పింది. మోకాలు చూసిన డాక్టరు నరం తెగలేదు, వాపే అన్నాడు.

గురువారం హాల్లో ఐజాజ్ తనే ప్యాడ్ పట్టుకున్నాడు. ప్రేమకుమారి గోడ దగ్గర స్టూలు మీద కూర్చుంది. మొదటి తన్ను మామూలుగా తగిలింది. రెండోదీ అంతే. మూడోదానికి యశస్విని నిలబడిన కాలి మడమ తిరగడం ప్రేమకుమారికి స్పష్టంగా కనిపించింది. ప్యాడ్ మీద చప్పుడు మెట్ల దాకా పోయింది. ఐజాజ్ ఒకడుగు వెనక్కి వేశాడు, పట్టు మార్చుకున్నాడు. పది అయ్యాక ప్యాడ్ కింద పెట్టి, అరచెయ్యి దులుపుకుని, ఫోన్ తీసి గుంటూరుకి పేరు పంపాడు.

"నమ్మి కాదు" అన్నాడు ప్రేమకుమారితో. "చూసి."

ఆదివారం గుంటూరులో యశస్విని బరువు విభాగంలో నలుగురమ్మాయిలు. జట్టులోకి ఇద్దర్ని తీసుకుంటారు. మొదటి పోటీలో ఎదుటి పిల్ల నాలుగుసార్లు కాళ్ల కిందికి దూరి ఎత్తబోయింది. యశస్విని కదల్లేదు. రెండో రౌండ్‌లో తొడ మీద పడ్డ రెండు తన్నులకి ఆ పిల్ల అడుగు తడబడింది. యశస్విని గెలిచింది. రెండో పోటీలో పాయింట్ల మీద ఓడింది. రెండో స్థానం. చాలు.

బయట టీ బండి దగ్గర నరసింహారావు, ఐజాజ్ చెరొక గ్లాసూ పట్టుకుని నిలబడ్డారు. డ్యూటీ మార్చుకుని వచ్చిన వెంకట్ కూతురి సంచి మోస్తున్నాడు.

"ఎత్తలేకపోయింది చూశావా" అన్నాడు నరసింహారావు. "అది బండ."

"ఆరు రోజులు ఆపకపోతే ఆ తన్ను వచ్చేదా?" అన్నాడు ఐజాజ్. "అది రెస్టు."

"రెస్టుకే పట్టు వచ్చుద్దా? సరే, వారానికి ఒక్క రోజు ఇయ్యి నాకు. చిన్నబండే."

"ఏ రోజు?"

"శుక్రవారం."

"శుక్రవారం కుదరదు. మర్నాడు స్పారింగ్."

"అయితే నీ గురువారం తీసెయ్."

"నా గురువారం ఎందుకు తీస్తా?"

యశస్విని ఐస్ ముక్క గుడ్డలో చుట్టి మోకాలి మీద పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. ప్రేమకుమారి పక్కన కూర్చుని, పిల్ల ఏమంటుందో అని చూస్తోంది.

"తాతయ్యా, మాస్టారూ" అంది యశస్విని. "రేపు ఎవరి దగ్గరికీ రాను. ఎల్లుండి పొద్దున లేచి, కాలు ఎట్టుందో చూసుకుని ఫోన్ చేస్తా. ఇద్దరికీ ఒకటే మాట చెప్తా."

"ఒకటే మాటని నాకెట్టా తెలుసుద్ది?" అన్నాడు నరసింహారావు.

"గుంపు పెడతా. మీ ఇద్దరూ, అమ్మా. అందులోనే రాస్తా."

నరసింహారావు జేబులోంచి ఫోన్ తీసి, గుంపులో చేరడం ఎట్లాగో చూపించమని ఐజాజ్ చేతిలో పెట్టాడు.